యార్డు ధరను కంప్యూటరే అడిగి తెస్తుంది
ముప్పై వరుసల ప్రోగ్రాముతో మిర్చి రైతుకు రోజువారీ లెక్క - మన ఊళ్లో చదువుకున్న పిల్లలకు చేతనైన పనే

గుంటూరు: కల్లంలో మిర్చి ఎండి టిక్కీలలోకి ఎక్కే వేళకు రైతు ఇంట ఒకటే ప్రశ్న. యార్డులో ఇవాళ ధర ఎంత? ఊళ్లో పది మందిని అడిగితే పది రకాలుగా చెబుతారు. లారీ డ్రైవరు ఒక మాట అంటాడు. కమీషన్ కొట్టు గుమాస్తా ఫోనులో ఇంకో మాట చెబుతాడు. నిన్న సరుకు అమ్ముకొని వచ్చిన పక్క పొలం ఆసామిది వేరొక మాట. వీరిలో ఎవరూ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. ఎవరికి కనిపించిన ధర వారు చెప్పారు. అయితే ఆ మాటలను నమ్మి ఏడాది కష్టాన్ని లారీకి ఎక్కించవలసింది మాత్రం రైతే.

యార్డులలో పలికిన ధరలు ప్రతిరోజూ ప్రభుత్వ కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. వాటిని చూసుకోవడమే కాదు, మన కంప్యూటరు చేత అడిగించి తెప్పించుకొని, మనకు కావలసినట్లు లెక్క కట్టుకొనే వీలు కూడా ఉంది. దీనికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. ఇంటర్నెట్ ఉన్న మామూలు కంప్యూటరు, ప్రోగ్రాము రాయడం కాస్త నేర్చిన కుర్రవాడో అమ్మాయో ఉంటే చాలు. ఆ విధానం ఏమిటో, దానితో రైతుకు కలిగే మేలు ఎంతో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకోవడం మిర్చి, పసుపు పండించే మన జిల్లా రైతులకు అవసరం.

నోటీసు బోర్డు వేరు, నకళ్ల కిటికీ వేరు

తహసీల్దారు కచేరీ గోడకు నోటీసు బోర్డు ఉంటుంది. దాని ముందు నిలబడి అన్ని కాగితాలూ చదివి, మనకు కావలసింది మనమే వెతుక్కోవాలి. అదే మీ సేవ కేంద్రంలో అడంగల్ నకలు కావాలంటే వ్యవహారం వేరు. ఊరి పేరు, సర్వే నంబరు చెబితే కిటికీ వెనుక ఉన్న మనిషి ఆ ఒక్క కాగితమే తీసి ఇస్తాడు. ఊరందరి లెక్కలూ మన ముందు పరచడు.

ఇంటర్నెట్‌లోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఫోనులో మనం తెరిచి చూసే పేజీ నోటీసు బోర్డు వంటిది. అది మనిషి కంటికోసం తయారైనది. అందులో రంగులు, బొమ్మలు, ప్రకటనలు ఉంటాయి. కంప్యూటరు ప్రోగ్రాముకు ఇవేవీ అక్కరలేదు. దానికి కావలసింది వరుసగా పేర్చిన సమాచారం. అందుకని సమాచారం గల సంస్థలు ప్రోగ్రాముల కోసం విడిగా ఒక కిటికీ తెరిచి ఉంచుతాయి. ఆ కిటికీనే ఎ.పి.ఐ. అంటారు. పెట్టవలసిన దరఖాస్తు నమూనా, రాయవలసిన వివరాలు, తిరిగి వచ్చే జవాబు రూపం - మూడూ ముందే నిర్ణయమై ఉంటాయి. ఆ ప్రకారం అడిగితే రెప్పపాటులో జవాబు వస్తుంది.

మనం ఫోనులో వర్షం సూచన చూసినా, రైలు ఎక్కడ ఉన్నదో చూసినా, పాల కేంద్రంలో యు.పి.ఐ. ద్వారా డబ్బు చెల్లించినా తెర వెనుక ఒక కంప్యూటరు మరో కంప్యూటరును ఇలాగే అడుగుతోంది. రోజూ వాడుకొనే సదుపాయమే ఇది. అడిగేవారు ఇంతవరకు కంపెనీలవారు. ఇక మన ఊరివారూ అడగవచ్చు.

ధరల ఖాతా ఎక్కడ ఉంది

వ్యవసాయ మార్కెట్ల ధరలను కంప్యూటర్లతో కలిపే పని 2000 మార్చిలో మొదలైంది. కేంద్ర వ్యవసాయ శాఖ కింద పనిచేసే మార్కెటింగ్, తనిఖీ డైరెక్టరేటు, జాతీయ సమాచార కేంద్రం కలిసి 'ఆగ్‌మార్క్‌నెట్' అనే ఏర్పాటు చేశాయి. ఈ డైరెక్టరేటు కొత్తది కాదు. 1935లో ఏర్పడింది. నెయ్యి, తేనె, మసాలా పొడుల డబ్బాల మీద కనిపించే 'ఆగ్‌మార్క్' ముద్ర దీనిదే. దేశంలోని మార్కెట్ యార్డులు రోజువారీ వచ్చిన సరుకు, పలికిన ధర వివరాలను ఆగ్‌మార్క్‌నెట్‌కు పంపుతాయి.

ప్రజల సొమ్ముతో సేకరించిన, రహస్యం కాని సమాచారాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలన్న విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2012లో ప్రకటించింది. ఆ ఏడాదే 'డేటా డాట్ గవ్ డాట్ ఇన్' అనే వేదిక ప్రారంభమైంది. వివిధ శాఖల పట్టికలు అందులో ఉన్నాయి. వాటిలో వివిధ మార్కెట్లలో సరుకుల రోజువారీ ధరల పట్టిక ఒకటి. ఇది ఆగ్‌మార్క్‌నెట్ నుంచి వచ్చేదే. ఈ పట్టికకు ఎ.పి.ఐ. కిటికీ ఉంది. 2017లో ప్రకటించిన ప్రభుత్వ లైసెన్సు ప్రకారం ఇటువంటి సమాచారాన్ని ఎక్కడి నుంచి తీసుకున్నదీ పేర్కొంటూ ఎవరైనా వాడుకోవచ్చు.

కాగా, యార్డుల మధ్య ఆన్‌లైన్ వేలం కోసం 'ఈ-నామ్' అనే మరో ఏర్పాటు 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో మొదలైంది. అది అమ్మకాల కోసం. ఇప్పుడు చెబుతున్నది ధరల లెక్కల పట్టిక గురించి. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

అడిగే విధానం

మొదట ఆ వేదికలో పేరు నమోదు చేసుకోవాలి. ఖర్చేమీ లేదు. అప్పుడు పొడవైన అక్షరాలు, అంకెలు కలిసిన ఒక గుర్తు ఇస్తారు. దీనిని 'కీ' అంటారు, అంటే తాళంచెవి. ప్రతి దరఖాస్తుతోపాటు ఈ తాళంచెవిని చూపాలి. ఎవరు ఎన్నిసార్లు అడుగుతున్నదీ దానినిబట్టి లెక్క ఉంటుంది. ప్రయత్నించి చూసేవారికోసం ఒక నమూనా తాళంచెవి కూడా ఉంచారు. అయితే దానితో అడిగితే ఒకసారికి 10 వరుసలు మాత్రమే వస్తాయి. ఇంటి తాళంచెవి మాదిరిగానే మన కీని ఇతరులకు ఇవ్వరాదు, నలుగురూ చూసేచోట పెట్టరాదు.

తరువాత దరఖాస్తు. అది ఒక వరుసలో రాసే చిరునామా మాత్రమే. అందులో ఐదు సంగతులు ఉంటాయి. ఏ పట్టిక కావాలి, మన కీ ఏది, జవాబు ఏ రూపంలో కావాలి, ఎన్ని వరుసలు కావాలి, ఎన్నో వరుస నుంచి మొదలుపెట్టాలి. వీటికి తోడు జల్లెడ పెట్టవచ్చు. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా గుంటూరు, సరుకు ఎండుమిర్చి అని రాస్తే దేశమంతటి ధరల్లోనుంచి ఆ వరుసలే జారి వస్తాయి.

ఇక్కడే కొత్తవారు మొదట తడబడతారు. పట్టికలో 'మిర్చి' అని వెతికితే ఏమీ దొరకదు. అక్కడ ఎండుమిర్చి 'డ్రై చిల్లీస్' అనే పేరుతో ఉంది. పచ్చిమిర్చికి వేరే పేరు ఉంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా కంప్యూటరు 'లేదు' అనే చెబుతుంది. సర్దుకొని అర్థం చేసుకొనే గుణం దానికి లేదు. కనుక ముందుగా జల్లెడ లేకుండా కొన్ని వరుసలు తెప్పించి, పేర్లు ఎలా రాసి ఉన్నాయో చూసుకొని, ఆ తరువాతే అడగడం మంచిది.

ఈ పని చేయించడానికి పైథాన్ అనే ప్రోగ్రాము భాష అనువైనది. నెదర్లాండ్స్ దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1991లో దీనిని బయటపెట్టారు. ఖర్చు లేకుండా దొరుకుతుంది. డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలల్లో చదివే మన పిల్లల్లో చాలామంది దీనిని నేర్చుకుంటున్నారు. దరఖాస్తు పంపడానికి, జవాబు విప్పడానికి, పట్టికలో దాచడానికి కలిపి 20, 30 వరుసల ప్రోగ్రాము సరిపోతుంది.

జవాబు ఎలా వస్తుంది

జవాబుతోపాటు ముందుగా ఒక అంకె వస్తుంది. 200 అని వస్తే పని సవ్యంగా జరిగినట్లు. 403 అయితే మన కీ చెల్లలేదు, లోపలికి అనుమతి లేదు అని అర్థం. 404 అయితే చిరునామా తప్పు. 429 వస్తే అతిగా అడుగుతున్నారు, కాసేపు ఆగండి అని. 500 అయితే లోపం మన వైపు కాదు, అవతలి కంప్యూటరులో. ప్రోగ్రాము ఈ అంకెను చూడకుండా ముందుకు పోతే ఖాళీ కాగితాన్ని ధరల కాగితమనుకొని లెక్క కట్టే ప్రమాదం ఉంది.

ఆ తరువాత అసలు సమాచారం. ప్రతి వరుసలో రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, గ్రేడు, తేదీ ఉంటాయి. చివర మూడు ధరలు. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, 'మోడల్' ధర. అన్నీ క్వింటాలుకు రూపాయలలో ఇస్తారు. ఒక్కొక్క వివరానికి పక్కనే దాని పేరు రాసి, అన్నిటినీ మీసాల బ్రాకెట్లలో కట్టి పంపే ఈ పద్ధతిని 'జేసన్' అంటారు. పెళ్లి సామాను కట్టేటప్పుడు ఒక్కొక్క మూటకు చీటీ అంటించినట్లు ఉంటుంది. చీటీ చూసి ఏ మూటలో ఏముందో ప్రోగ్రాము గుర్తిస్తుంది.

వరుసలు ఎక్కువైతే అన్నీ ఒక్కసారే రావు. మొదటి 100 తీసుకొని, ఆ తరువాత 101వ వరుస నుంచి మరో 100 అడగాలి. ఇలా వరుసలు అయిపోయేవరకు అడుగుతూ పోవాలి. మొదటి విడతతోనే ఆగిపోతే సగం మార్కెట్ల ధరలు చేరవు. పైకి మాత్రం లెక్క పూర్తయినట్లే కనిపిస్తుంది.

అక్షరం వేరు, అంకె వేరు

తెచ్చిన సమాచారాన్ని వెంటనే నమ్మరాదు. బియ్యం వండే ముందు రాళ్లు ఏరినట్లు దీనినీ శుభ్రం చేయాలి. ముఖ్యంగా మూడు సంగతులు చూడాలి.

మొదటిది ధర. జవాబులో ధర అంకెగా కాక అక్షరాల వరుసగా రావచ్చు. అప్పుడు 9500, 11000 లను పోల్చమంటే కంప్యూటరు నిఘంటువులో మాటలు పేర్చినట్లు మొదటి గుర్తు చూసి, 1 కన్న 9 తరువాత వస్తుంది కనుక 9500 పెద్దదని చెబుతుంది. అలాంటి లెక్కను నమ్మి బయలుదేరిన రైతు ఎక్కువ ధర ఉన్న యార్డును వదిలి తక్కువ ధర ఉన్న యార్డుకు పోతాడు. ధరను అంకెగా మార్చమని ప్రోగ్రాములో ఒక్క మాట రాస్తే ఈ చిక్కు తీరుతుంది.

రెండవది తేదీ. రోజు, నెల, సంవత్సరం క్రమంలో రాసిన తేదీలను అక్షరాలుగానే పేరిస్తే మార్చి 5 ముందూ ఫిబ్రవరి 20 వెనుకా పడతాయి. ఎందుకంటే 05 కన్న 20 తరువాతది. ధర పెరుగుతున్నదో తగ్గుతున్నదో తలకిందులుగా కనిపిస్తుంది. దీనినీ తేదీగా మార్చుకోవాలి.

మూడవది రాసినవారి పొరపాట్లు. క్వింటాలు ధర రాయవలసినచోట కిలో ధర పడితే 12,000 బదులు 120 కనిపిస్తుంది. ఒక సున్నా ఎక్కువైతే లక్ష దాటుతుంది. సగటు లెక్కలో ఇటువంటి వరుస ఒక్కటి చేరినా మొత్తం చెడుతుంది. నిన్నటి ధరలో సగానికన్న తక్కువగానో, రెట్టింపుకన్న ఎక్కువగానో ఉన్న వరుసను విడిగా పెట్టి, మనిషి చూసిన తరువాతే లెక్కలో చేర్చే ఏర్పాటు ఉండాలి. అలాంటి వరుసను కొట్టివేయడం కూడా మంచిది కాదు. నిజంగానే ధర పడిపోయి ఉండవచ్చు గదా.

'పదిహేను వేలు పలికింది' అంటే

రైతులు ఎక్కువగా దెబ్బతినేది గరిష్ఠ ధర వద్ద. ఒక ఉదాహరణ చూద్దాం. యార్డుకు ఒకే తూకం గల 100 టిక్కీలు వచ్చాయనుకుందాం. మేలు రకం 10 టిక్కీలు క్వింటాలు 15,000 రూపాయలకు పోయాయి. 70 టిక్కీలు 11,000 రూపాయలకు అమ్ముడయ్యాయి. తాలు కలిసిన 20 టిక్కీలకు 7,000 రూపాయలే వచ్చాయి. సాయంత్రానికి ఊళ్లోకి వచ్చే వార్త 'గుంటూరులో పదిహేను వేలు' అని. ఆ ధర దక్కింది నూటికి పది టిక్కీలకే.

ఎక్కువ సరుకు అమ్ముడైన ధరనే మోడల్ ధర అంటారు. పై ఉదాహరణలో అది 11,000. మొత్తం సొమ్మును మొత్తం సరుకుతో భాగిస్తే వచ్చే అసలు సగటు 10,600. కనిష్ఠ, గరిష్ఠ ధరలను కలిపి రెండుతో భాగిస్తే కూడా 11,000 వచ్చింది కాని అది ఈ ఉదాహరణలో కలిసివచ్చినదే. మేలు రకానికి 19,000 పలికి ఉంటే ఆ లెక్క 13,000కు ఎగబాకేది. నూటికి 70 టిక్కీలు మాత్రం అదే 11,000కు పోయేవి. కనుక సామాన్య రైతు చూడవలసింది మోడల్ ధర. తన సరుకు నిగనిగలాడే మేలు రకమైతే గరిష్ఠ ధరవైపు, మచ్చకాయ, తాలు ఉంటే కనిష్ఠ ధరవైపు అంచనా వేసుకోవాలి.

ఈ పట్టికలో ధరలు ఉన్నాయేగాని ఎంత సరుకు వచ్చిందన్న వివరం లేదు. ఆ వివరం ఆగ్‌మార్క్‌నెట్ నివేదికలలో విడిగా చూసుకోవాలి. లక్ష టిక్కీలు వచ్చిన రోజు ధరకు, కొద్ది సరుకు వచ్చిన రోజు ధరకు ఒకే విలువ ఇవ్వరాదు.

రాసిన ధరకు ఎంత విలువ

యార్డు లెక్కలో పడే ధర కాగితానికే పరిమితం కాదనడానికి 2025 సంవత్సరమే సాక్ష్యం. ఆ సీజనులో మిర్చి ధర బాగా దిగజారింది. కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించింది. 2.54 లక్షల టన్నుల వరకు ఈ పథకాన్ని వర్తింపజేస్తామన్నది. ఈ తరహాలో సరుకును ప్రభుత్వం కొనదు. నిర్ణయించిన ధరకు, మార్కెట్‌లో పలికిన ధరకు మధ్య ఉన్న వ్యత్యాసాన్ని లెక్క కట్టే పద్ధతి ఇది. అంటే యార్డులో ఏ ధర రాశారన్న దానిమీదనే మొత్తం వ్యవహారం ఆధారపడి ఉంటుంది. తన రకానికి, తన తేదీకి పట్టికలో ఏమి పడిందో తెలియని రైతు ఏమని అడుగుతాడు? తెలిసిన రైతు కాగితం చేతబట్టి అడుగుతాడు.

అంతకు ముందు ఏడాది, 2024 మార్చిలో, కర్ణాటకలోని బ్యాడిగి మిర్చి మార్కెట్‌లో ధర ఒక్కసారిగా పడిపోయిందని రైతులు ఆగ్రహించి, వాహనాలకు నిప్పు పెట్టేదాకా పరిస్థితి వెళ్లింది. ధర దేనివల్ల పడింది, ఎంత పడింది, ఇతర మార్కెట్లలో ఎలా ఉంది అన్న సంగతి చేతిలో ఉంటే కోపం చల్లారుతుందని కాదు. కోపానికి బదులు లెక్క చూపి నిలదీసే వీలు కలుగుతుంది.

సొంత చిట్టా రాసుకోవాలి

రోజువారీ ధరల పట్టిక పేరుకు తగినట్లే ఆనాటి ధర చూపుతుంది. నిన్నటిది రేపు అదే చోట దొరకకపోవచ్చు. కనుక ప్రోగ్రామును రోజూ సాయంత్రం ఒక నిర్ణీత వేళకు తనంత తానే నడిచేటట్లు ఏర్పాటు చేసి, వచ్చిన వరుసలను మన కంప్యూటరులో దాచుకోవాలి. గడియారానికి అలారం పెట్టినట్లు కంప్యూటరుకూ ఈ ఏర్పాటు చేయవచ్చు. ఒకే రోజు రెండుసార్లు నడిస్తే ఒకే వరుస రెండుమార్లు పడకుండా తేదీ, మార్కెట్, సరుకు, రకం నాలుగూ కలిపి సరిచూసుకోవాలి.

రెండు, మూడు సీజన్లు ఇలా దాస్తే అది ఊరి సొంత చిట్టా అవుతుంది. జనవరిలో కొత్త సరుకు మొదలయ్యేటప్పుడు ధర ఎలా ఉంది, మార్చిలో సరుకు పోటెత్తినప్పుడు ఎంత తగ్గింది, యార్డుకు వేసవి సెలవుల ముందు, తరువాత ఎలా మారింది అన్నది అప్పుడు కంటికి కనిపిస్తుంది. కోల్డ్ స్టోరేజిలో పెట్టిన సరుకుకు అద్దె, వడ్డీ, తూకంలో తరుగు కలిపి చూస్తే నిలవ చేయడం లాభమో నష్టమో ఆ లెక్కే చెబుతుంది. అయితే పోయిన ఏడు పెరిగిన ధర ఈ ఏడూ పెరుగుతుందని ఏ చిట్టా హామీ ఇవ్వదు. 2023 జులైలో టమాటా కిలో 100 రూపాయలు దాటి పోయింది. ఆ ధర చూసి ఆశపడినవారికి ఆగస్టు వచ్చేసరికి ధర దిగిపోవడమూ కనిపించింది.

ఏ యార్డుకు తోలాలి

ఒకే రోజు గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల ధరలు పక్క పక్కన పెట్టి చూడడం ఈ ప్రోగ్రాముకు చిటికెలో పని. కాని ఎక్కువ ధర కనిపించిన చోటికల్లా లారీ తోలడం తెలివి కాదు. 20 క్వింటాళ్ల సరుకు ఉన్న రైతుకు దూరపు యార్డులో క్వింటాలుకు 400 రూపాయలు ఎక్కువ కనిపించిందనుకుందాం. అదనంగా వచ్చేది 8,000 రూపాయలు. అదనపు లారీ కిరాయి 5,500, రాత్రి మకాం, భోజనాల ఖర్చు 1,000 తీసివేస్తే మిగిలేది 1,500. మరునాటికి అక్కడ ధర క్వింటాలుకు 75 రూపాయలు తగ్గితే ఆ 1,500 కూడా హరించుకుపోతుంది. అదే 100 క్వింటాళ్లు గల నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే లారీలో తోలితే లెక్క మారుతుంది. కిరాయి, హమాలీ, కమీషన్ అంకెలను ప్రోగ్రాముకు ఇచ్చి 'చేతికి వచ్చేది ఎంత' అన్నదే అడగాలి. పైకి కనిపించే ధర కాదు.

రకాల తేడా కూడా మరవరాదు. తేజ ధరను 334 రకం ధరతో పోల్చితే ఉపయోగం లేదు. దుగ్గిరాల పసుపు కొమ్ములను నిజామాబాద్ కొమ్ములతో పోల్చాలి గాని కాయ పసుపుతో కాదు.

కిటికీ మూతపడితే

ఇతరుల కిటికీ మీద ఆధారపడిన పనికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలోని గూగుల్ సంస్థ 2002లో తన వెతుకులాట సదుపాయాన్ని ప్రోగ్రాముల ద్వారా రోజుకు 1,000 సార్లు ఉచితంగా వాడుకోనిచ్చింది. ఎందరో దానిమీద ఆధారపడి ప్రోగ్రాములు రాశారు. 2006 చివర కొత్త కీలు ఇవ్వడం ఆపివేసింది. 2009లో పూర్తిగా మూసివేసింది. ట్విట్టర్ సంస్థ కూడా 2023లో అప్పటివరకు ఇస్తున్న ఉచిత సదుపాయానికి స్వస్తి చెప్పి రుసుము పెట్టింది. ప్రైవేటు సంస్థ తన కిటికీని ఎప్పుడైనా మూయవచ్చు.

ప్రజల సొమ్ముతో నడిచే ప్రభుత్వ పట్టిక విషయం వేరు. అది తెరిచి ఉండాలని అడిగే హక్కు మనకు ఉంది. అయినా అవతలి కంప్యూటరు కొన్ని రోజులు పలకకపోవచ్చు, పట్టిక చిరునామా మారవచ్చు, యార్డువారు ఆ రోజు లెక్క పంపకపోవచ్చు. ధర రాని రోజును 'సున్నా' అని రాయకుండా ఖాళీగానే ఉంచాలి. సున్నా అంటే ధర లేదని. ఖాళీ అంటే తెలియదని. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. సొంత చిట్టా రాసుకోవలసిన అవసరం కూడా ఇందువల్లనే.

యంత్రం చెప్పలేనివి

ఈ పట్టిక యార్డులో పలికిన ధర చెబుతుంది. పల్లెలో కల్లం వద్దనే కొనుక్కుపోయిన సరుకు ధర చెప్పదు. కాటాలో జరిగిన తేడా చెప్పదు. తేమ ఉన్నదని, మచ్చ ఉన్నదని తగ్గించిన సొమ్ము చెప్పదు. పెట్టుబడికి అప్పు ఇచ్చినవాడికే సరుకు వేయక తప్పని రైతుకు పక్క యార్డు ధర తెలిసినంత మాత్రాన బంధం వీడదు. ఆ రైతుకు సకాలంలో బ్యాంకు రుణం అందితేనే ధరల సమాచారం నిజంగా ఉపకరిస్తుంది. కౌలు రైతుల విషయంలో ఇది మరీ నిజం.

అయినప్పటికీ తెలియకపోవడం కంటె తెలిసి ఉండడం మేలు. 'ఇవాళ మీ యార్డు మోడల్ ధర ఇంత అని సర్కారు లెక్కలో ఉంది, నా సరుకుకు ఇంతే ఎందుకు?' అని అడిగిన రైతుకు జవాబు చెప్పవలసి వస్తుంది. నూరు రూపాయలు పెంచినా 20 క్వింటాళ్లకు 2,000 రూపాయలు. ఒక కోత కూలి ఖర్చులో కొంత భాగం తీరుతుంది.

ఊరికి ఒక్కరు చాలు

ప్రతి రైతూ ప్రోగ్రాము నేర్వనక్కరలేదు. ఊరికి ఒక్కరు నేరిస్తే చాలు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార పరపతి సంఘాలు ఇందుకు పూనుకోవచ్చు. సాయంత్రం వచ్చిన లెక్కను నాలుగు ముక్కల్లో తెలుగులో రాసి రైతుల ఫోన్లకు పంపవచ్చు. టెలిగ్రామ్ సంస్థ ఇటువంటి సందేశాలను ప్రోగ్రాము ద్వారానే పంపే వీలు 2015లో కల్పించింది. ఫోను చదవలేని పెద్దల కోసం రచ్చబండ వద్ద పలక మీద రాసి పెట్టినా సరిపోతుంది. దానిమీద ధరతోపాటు తేదీ, రకం, ఏ పట్టిక నుంచి తీసుకున్నదీ తప్పక రాయాలి. తేదీ లేని ధర పుకారుతో సమానం.

ధరలతోనే ఆగనవసరం లేదు. వాతావరణ సూచనలకు ఇటువంటి కిటికీలు ఉన్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోని ఊళ్ల వివరాలనూ ప్రోగ్రాముతో అడిగి తెచ్చుకోవచ్చు. కల్లంలో మిర్చి ఆరబోసిన రోజుల్లో వాన సూచన, యార్డు ధర రెండూ ఒకే సందేశంలో చేరితే పట్టాలు కప్పాలా, టిక్కీలు కట్టాలా అన్నది తేల్చుకోవడం సులువవుతుంది.

చేసేవారు రెండు నియమాలు పాటించాలి. అవతలివారు విధించిన హద్దు దాటి అదేపనిగా అడిగి వారి కంప్యూటరును ఇబ్బంది పెట్టరాదు. ధర రోజుకు ఒకసారి మారేదాన్ని నిమిషానికి ఒకసారి అడగడంలో అర్థం లేదు. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, అప్పుల వివరాలు వంటి సొంత సంగతులను మాత్రం ఏ పట్టికలోనూ బయట పెట్టరాదు.

సెలవులకు ఊరు వచ్చిన విద్యార్థులు నాలుగు సాయంత్రాలు వెచ్చిస్తే ఈ పని నిలబడుతుంది. వచ్చే జనవరిలో కొత్త మిర్చి యార్డుకు చేరేలోగా ప్రోగ్రామును ఒకసారి నడిపి, యార్డుకు వెళ్లి వచ్చిన రైతుల రసీదులతో సరిచూసుకుంటే తప్పులు బయటపడతాయి. రసీదుకూ పట్టికకూ తేడా కనిపిస్తే ఆ కాగితాలతో మార్కెట్ కమిటీ కార్యదర్శిని కలిసి అడగవచ్చు. అలా అడిగేవారు ఉన్నచోట లెక్క రాసేవారు కూడా జాగ్రత్తగా రాస్తారు.